పన్నెండు తలకాయల సెంటరు

నాకు కోపం ఎక్కువని ఆళ్లగడ్డలో అందరూ అంటారు. అనేవాళ్లను వరసగా నిలబెట్టి, నా చోట మీరుంటే ఏం చేసేవాళ్లని అడగాలని ఉంటుంది. పొద్దంతా బాలవాడి పిల్లల ముక్కులు తుడిచి, ఇంటికొచ్చి జొన్నరొట్టెలు కాల్చి, చదువుకుందామని పుస్తకం తీసేసరికి "మేయ్, ఆ బుక్కు యా మిషనోళ్లది?" అని అత్త గద్దిస్తే మీకు మాత్రం ఒళ్లు మండదా?

నా పేరు లూదియా. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించి పెళ్లి చేశారు. అప్పటినుంచి ఎక్కడ ఏ కాగితం రాయాల్సి వచ్చినా, చదువు అన్న చోట గుమాస్తా తనంతట తానే 'తొమ్మిది ఫెయిలు' అని రాసేవాడు. ఫెయిలు కాలేదు మహాప్రభో అంటే వినేవాడు కాదు. పరీక్షే రాయని మనిషి ఎలా ఫెయిలవుతుందో ఏ గుమాస్తా ఇప్పటిదాకా నాకు చెప్పలేదు. ఆ మాట ఏళ్ల తరబడి నా కడుపులో మండుతూనే ఉంది. అందుకే హైదరాబాదులో కొత్తగా ఒక విశ్వవిద్యాలయం పెట్టారని, బడి సర్టిఫికెట్లు లేకపోయినా ప్రవేశపరీక్ష పాసైతే ఇంట్లోనే ఉండి బి.ఎ. చదవొచ్చని తెలియగానే పరీక్ష రాశాను. పాసయ్యాను. ఎనభై మూడో సంవత్సరం అది. పాఠాల పుస్తకాలు పోస్టులో వచ్చాయి. గొడవంతా ఆ కట్ట విప్పిన దగ్గర మొదలైంది.

ఇక్కడ మా చర్చి సంఘం సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మా ఇళ్లకు పోస్టులో పాఠాలొచ్చాయంటే అవి ఒకటే రకం. ఏదో ఒక మిషనువాళ్లు ఉచితంగా బైబిలు పాఠాలు పంపేవారు. పాఠం చివర ప్రశ్నలుండేవి. జవాబులు రాసి పంపితే ఇంకో పాఠం, అన్నీ అయ్యాక రంగుల సర్టిఫికెట్టు. ఆ మిషనుకే రేడియోలో ఒక ప్రసంగం కూడా ఉండేది. ఆపైన ఒక ఆదివారం, కూడిక పెట్టుకున్నాం రమ్మని పిలిచేవారు. పోయినవాళ్లు ఇక మన గుడి గడప తొక్కేవారు కాదు. రుద్రవరంలో రెండు కుటుంబాలు అలాగే జారిపోయాయి. ఇప్పుడు నాకూ పోస్టులో పాఠాలొచ్చాయి. చివర ప్రశ్నలున్నాయి. రేడియోలో కూడా పాఠం వస్తుందని అచ్చేశారు. ప్రతి ఆదివారం నంద్యాలలో తరగతికి రమ్మన్నారు. ఇంకేం కావాలి? కోడలు కొత్త మిషనులో చేరిపోయిందని మా అత్త శాంతమ్మ తేల్చేసింది.

"బి.ఎ. చదువత్తా ఇది. దేవుని పాఠాలు కాదు" అన్నాను.

"దేవుడు లేకుండా ఆదివారం పొద్దు పాఠం ఎవురు చెప్తారు మే? నాకు చెవుల్లో పూలు పెడతాండావా?" అంది.

మా అత్తకు రాయడం రాదు. చదవడం వచ్చు. చిన్నప్పుడు ఊరి ఉపదేశి బైబిలు ముందు పెట్టి కూడబలుక్కోవడం నేర్పాడట. బలపం మాత్రం ఎవరూ చేతికివ్వలేదు. ఆ వచ్చిన చదువుతోనే నా ఆర్థికశాస్త్రం పుస్తకం తీసుకుపోయి ఉపదేశి మత్తయి ముందు కూర్చుంది. మా ఊళ్లో పాస్టరు అయ్యగారు నెలకోసారి వచ్చిపోతారు. మిగతా ఆదివారాలు ఆరాధన చేయించేది మత్తయే. నేను వాకిట్లో నిలబడి పళ్లు కొరుక్కుంటూ విన్నాను.

"'మానవుని కోరికలు అనంతములు' అని రాసిండారు మత్తయీ."

"వాక్యానుసారంగానే ఉండాదే."

"'వాటిని తీర్చుకొను సాధనములు పరిమితములు.'"

"అదీ నిజమే గదా. మరి ప్రభువు పేరు యాడ రాసిండారు?"

"అదే నేనూ ఎతుకుతాండా. బుక్కంతా తిరగేసినా. ఒక్క చోట గూడా లే."

మత్తయి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. మిషనులు ఎన్నో చూశాడు గానీ ప్రభువు పేరు ఎత్తకుండా మనుషుల్ని లాగే మిషను ఆయనకు కొత్త. ఇది అన్నిటికంటే ప్రమాదమైంది అన్నాడు.

ఎవరేమనుకున్నా నేను ఆదివారాలు నంద్యాల బస్సెక్కడం మానలేదు. అక్కడ ఒక కాలేజీ వాళ్లు ఆదివారం పూట ఒక గది మాకిచ్చారు. దాన్నే స్టడీ సెంటరు అనేవారు. పాఠం చెప్పడానికి జనార్దనం సారు వచ్చేవాడు. సన్నగా పొడుగ్గా, మోచేతుల దాకా సుద్దపొడితో ఉండేవాడు. సెంటరులో ఇంకొందరి పేర్లు ఉన్నాయి గానీ, వాళ్లు పుస్తకాలు తీసుకున్న రోజే కడసారి కనిపించారు. తరగతికి వచ్చేది నేను ఒక్కదాన్నే. సారు మాత్రం గది నిండా జనం ఉన్నట్టే చెప్పేవాడు. అందరి పేర్లూ పిలిచి, ఒక్కో పేరుకు కాసేపు ఆగేవాడు. ఒకసారైతే ఖాళీ బెంచీల వైపు చూసి "వెనక వాళ్లు మాట్లాడకండి" అన్నాడు. నేను తిరిగి చూశాను కూడా.

ఒకరోజు పాఠం మధ్యలో సుద్దముక్క కింద పెట్టేశాడు.

"లూదియా గారూ, మీకు చెప్పకపోతే తప్పవుతుంది. త్వరలో పైనుంచి ఒక అధికారి వస్తాడు. క్లాసులో పన్నెండు మంది కనిపించకపోతే ఈ సెంటరు ఎత్తేస్తారు."

"నా గతేంది సార్?"

"కర్నూలు సెంటరుకు మారుస్తారు."

కర్నూలంటే ఆళ్లగడ్డనుంచి తెల్లవారుజామున బయల్దేరినా సగం తరగతి అయిపోతుంది. తిరుగు బస్సు దొరికితే దొరికినట్టు, లేకపోతే బస్టాండులో పడుకోవాలి. నా మొగుడు యోహాను మంచివాడే. కానీ నంద్యాలంటే సరే, కర్నూలంటే మాత్రం నాతో కాదని ముందే చెప్పేశాడు. కాబట్టి సెంటరు పోతే నా చదువు పోయినట్టే, మళ్లీ తొమ్మిది ఫెయిలే. ఆ రోజు బస్సులో శిరివెళ్ల దాకా ఏడ్చాను. శిరివెళ్ల దాటాక కోపం వచ్చింది. ఆ కోపంలో ఇంటికొచ్చి రెండు గిన్నెలు సొట్ట పెట్టాను.

అదే వారం సంఘం పెద్దలు కూడుకున్నారు. నేను వరసగా ఆరాధన ఎగ్గొడుతున్నాను కాబట్టి నా పేరు కొట్టేయాలా వద్దా అని. కొట్టేసే ముందు ఆ మిషను ఎలాంటిదో కళ్లతో చూసి రావడం న్యాయమని అబ్రహాము అన్నాడు. అబ్రహాము సంఘంలో పెద్దమనిషి. గొంతు ఎత్తాడంటే గుడి బయట ఎద్దులు కూడా తలెత్తి చూస్తాయి. ఆయన, మత్తయి, మా అత్త, ముగ్గురూ సిద్ధమయ్యారు. యోహాను నడిపేది మహానందయ్య శెట్టి గారి ట్రాక్టరు. సంఘం పని అని చెప్పి దాన్నే అడిగి తెచ్చారు. నన్ను కూడా ట్రాలీలో ఎక్కించుకున్నారు. నేరస్థురాలిని స్టేషనుకు తీసుకుపోతున్నట్టు నన్ను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు.

వాళ్లు గదిలోకి అడుగు పెట్టగానే జనార్దనం సారు చేతిలో సుద్దముక్క జారిపోయింది. కొత్త విద్యార్థులనుకున్నాడు పాపం. "రండి రండి, ఎక్కడైనా కూర్చోండి, అన్నీ ఖాళీయే" అని తన కండువాతో బెంచీలు తుడిచాడు.

మత్తయి కూర్చోలేదు. "అయ్యా, ముందుగాల ఒక మాట. మీ కాడ బాప్తిస్మం ముంచేదా, చిలకరించేదా?"

సారు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"మా దగ్గర రెండు ఫోటోలు, ఒక సంతకం చాలండి" అన్నాడు సారు, చాలా మర్యాదగా.

"అయితే ముంచేది లే?"

"లేదండి."

"చిలకరించేది?"

"అదీ లేదండి."

"మరి మనిషి మీలో చేరినట్టు గుర్తేంది?"

"కార్డు ఇస్తాం."

మత్తయి, అబ్రహాము ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత సులువుగా మనుషుల్ని కలుపుకునే మిషను వాళ్లు ఎక్కడా చూడలేదు.

సారుకు హైదరాబాదునుంచి పాఠాల క్యాసెట్లు, ఒక టేపు రికార్డరు పంపారు. వినేవాళ్లు లేక అవి బీరువాలోనే ఉండిపోయాయి. ఆ రోజు ఉత్సాహంగా తీసి నొక్కాడు. ఎవరో పెద్దాయన గొంతు "ప్రియమైన విద్యార్థులారా" అనగానే మావాళ్లు ముగ్గురూ లేచి నిలబడి కళ్లు మూసుకున్నారు. మా కూడికల్లో టేపు పెడితే ప్రార్థన కోసమే పెడతారు మరి. ధరలు, గిరాకీ అంటూ ఆయన చెప్పినంతసేపూ చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డారు. టేపు టక్కున ఆగగానే ముగ్గురూ ఒక్క గొంతుతో "ఆమేన్" అన్నారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. జనార్దనం సారుకు మాత్రం కళ్లు చెమ్మగిల్లాయి. ఆయన ఉద్యోగంలో ఏ పాఠానికీ అంత మర్యాద జరగలేదట.

ఆపైన ఆయనే పాఠం ఎత్తుకున్నాడు. సరుకు ధర పెరిగితే కొనేవాళ్లు తగ్గుతారు, ధర తగ్గితే పెరుగుతారు అని బోర్డు మీద ఒక గీత గీశాడు. చెప్పి చెప్పి, మా అత్త ముందు ఆగాడు.

"మీకేమనిపిస్తుందమ్మా?"

మా అత్త వెనక్కి తిరిగి చూసింది, ఎవరినో అడిగాడనుకుని. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

"నన్నేనా?"

"మిమ్మల్నేనమ్మా. చెప్పండి."

అంతే. మొదలుపెట్టింది. శనగలు ఇంట్లోకి వచ్చిన నెలలో ధర పడిపోయేదీ, కిరసనాయిలు దొరకని నెలలో ఎంతైనా పెట్టి కొనేదీ, ఉప్పు ధర తగ్గిందని ఎవరైనా కూరలో రెండింతలు వేసుకుంటారా అనేదీ, ఏవేవో చెప్పుకుపోయింది. సగం గీతకు సరిపోయింది, సగం గీతకు అవతల పోయింది. సారు అడ్డు రాకుండా, తల ఊపుతూ నిలబడి విన్నాడు. నేను కోడలినై ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పటినుంచి మా అత్త కేకలు వేయడం విన్నాను గానీ, ఒక సంగతి గురించి ఆలోచించి చెప్పడం అదే మొదటిసారి వినడం.

తిరుగు దారిలో ట్రాలీలోనే పంచాయితీ జరిగింది.

"మిషను గాదు. కానుక సంచి గూడా తిప్పలే" అన్నాడు అబ్రహాము.

"మిషను గాకపోయినా ఆరాధన ఎగ్గొట్టేది తప్పే" అన్నాడు మత్తయి.

నాకు తిక్క రేగింది. "కొట్టేయండి నా పేరు! ఎట్లాగూ ఆ సెంటరు ఎత్తేస్తారు. నా చదువు పాయ, మీ గుడి గూడా పాయ. సంతోషమే కదా?" అని పన్నెండు మంది సంగతంతా కక్కేశాను. ఏడ్చాను కూడా.

మా అత్త కొంగు సర్దుకుని, ఎటో చూస్తూ అంది. "కోడలి మీద ఒక కన్నేసి పెట్టాల. వచ్చే ఆదివారం గూడా నేను పోతా. మత్తయీ, ఆరాధన ఈ ట్రాక్టరు మీదనే పెట్టు. దేవుడు చక్రాలుండే దాంట్లోకి ఎక్కడా ఏంది?"

కన్నేసి పెట్టడానికట! నేను నమ్మలేదు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి మా సంఘం చక్రాల మీద నడిచింది. ఆళ్లగడ్డ దాటుతుండగా మొదటి పాట. శిరివెళ్ల వచ్చేసరికి వాక్యం చదవడం. శిరివెళ్ల దాటాక ప్రసంగం. నంద్యాల పొలిమేరలో ఆశీర్వాదం. ఇంజను మోతకు మత్తయి గొంతు చించుకోవాల్సి వచ్చేది, గుంతలొచ్చినప్పుడు పరలోక ప్రార్థన ముక్కలు ముక్కలయ్యేది. శిరివెళ్ల దగ్గర మమ్మల్ని చూసిన ఒక ముసలాయన "పెండ్లికూతురేదప్పా?" అని అడిగాడు. అయినా జనం పెరిగారు. అందరూ చదువు మీద ప్రేమతో వచ్చారని నేను అనను. కొందరు నంద్యాల అంగళ్ల కోసం వచ్చారు. ఎందుకొచ్చినా జనార్దనం సారు గది నిండింది. వెనక బెంచీల్లో నిజంగానే మాట్లాడుకునేవాళ్లు తయారయ్యారు. వాళ్లను గదమాయిస్తూ సారు ఎంత మురిసిపోయేవాడో!

నాకూ ధైర్యం వచ్చింది. ఇంతమంది ఉండగా పన్నెండు తలకాయలకు కరువా అనుకున్నాను.

అధికారి వచ్చిన రోజు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ తల గోడకు కొట్టుకోవాలనిపిస్తుంది. సారు మళ్లీ ఆ గిరాకీ గీతే గీస్తున్నాడు. అబ్రహాము లేచాడు.

"సారూ, మా కోతల పండగలో ఇది చెల్లదు."

"ఎందుకని?"

మా కోతల పండుగలో ఎవరి పంటలో మొదటిది వాళ్లు గుడికి తెస్తారు. దాన్ని గుళ్లోనే వేలం వేస్తారు. ఒక గుమ్మడికాయను పాడుకున్నవాడు ఇంటికి తీసుకుపోడు, తిరిగి గుడికే ఇచ్చేస్తాడు. దాన్నే మళ్లీ పాడతారు. ధర పెరిగే కొద్దీ పాడేవాళ్లు ఇంకా ఎగబడతారు. చివరికి అందరూ కొన్న గుమ్మడికాయ ఎవరి ఇంటికీ పోదు. ఈ సంగతి విని సారు నమ్మలేకపోయాడు.

"చూపించండి" అన్నాడు.

గుమ్మడికాయ లేదు. అబ్రహాము బల్ల మీది డస్టరు అందుకున్నాడు.

"మంచి కాపు! నంద్యాల డస్టరు! ఎవురికి కావాల? పాడండప్పా!"

గది హోరెత్తిపోయింది. ఒకళ్లు పాడారు, ఇచ్చేశారు. ఇంకొకళ్లు పాడారు, ఇచ్చేశారు. మూడో విడతకు జనార్దనం సారు ఆగలేక తానే చెయ్యి ఎత్తి పాడటం మొదలుపెట్టాడు. "ఒకటోసారి... రెండోసారి..." అని అబ్రహాము అరుస్తుండగా వాకిట్లో సఫారీ సూటు మనిషి ఒకాయన నిలబడ్డాడు.

"ఏం జరుగుతోందిక్కడ? కాలేజీ డస్టరును వేలం వేస్తున్నారా?"

సారు చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. మత్తయికి మాత్రం సఫారీ సూటు కనిపించింది, చంకలో ఫైలు కనిపించింది. మా గుడికి బయటినుంచి వచ్చే ప్రసంగీకులు అలాగే వస్తారు. "ప్రసంగీకుడు వచ్చినాడు. లేచి పాట ఎత్తుకోండి" అన్నాడు. గది గదంతా లేచి పాట ఎత్తుకుంది. మా వాళ్లు పాట మొదలుపెడితే మధ్యలో ఆపే అలవాటు లేదు. అధికారి అన్ని చరణాలూ అయ్యేదాకా ఫైలు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

పాట అయ్యాక ఆయన ముఖం విచ్చుకుంది. ఇంతమంది విద్యార్థులను ఆయన ఏ సెంటరులోనూ చూడలేదట. "బాగుంది, చాలా బాగుంది. కార్డులు చూపించండి" అన్నాడు.

నేనొక్కదాన్నే చూపించాను.

"మిగతావాళ్లు?"

కార్డులు ఎవరి దగ్గరా లేవు. ఆయన ఫైలు విప్పి, కలం తీసి, "ఒక్కరు" అని పైకి చదువుతూ రాసుకున్నాడు. సారు డస్టరును రెండు చేతులా పట్టుకుని బల్ల వెనక నిలబడిపోయాడు.

నేను లేచాను. నోటికి తాళం పడలేదు. "ఒక్కరేంది సార్ ఒక్కరు? మీకు కండ్లు లేవా? ట్రాక్టరులో ఎముకలు ఇరగ్గొట్టుకుని వస్తాండారు వీళ్లంతా. మీ సెంటరులో పేర్లుండేవాళ్లు ఒక్కరూ రారు. వచ్చేవాళ్లకు పేర్లు లేవు. ఇదెక్కడి న్యాయం సార్? నన్ను ఒకసారి బడినుంచి లాగేసినారు. మళ్లా ఇంగోసారి లాగేస్తారా?"

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "నేనేం చేసేదమ్మా? రూలు అది. కార్డు లేని తలకాయ తలకాయ కిందికి రాదు" అన్నాడు.

అప్పుడు మా అత్త లేచింది. "ఆ కార్డు యాడ ఇస్తారు నాయనా?"

"ప్రవేశపరీక్ష పాసైతే ఇస్తాం పెద్దమ్మా."

"వయసు?"

"ఎంతైనా ఉండొచ్చు."

"నాకు రాసేది రాదే. చదివేదొక్కటే వచ్చు."

అధికారి ఒక్క క్షణం ఆలోచించాడు. "ప్రవేశపరీక్షలో రాసేదేమీ ఉండదు. ఒక్కో ప్రశ్నకు కొన్ని జవాబులిస్తారు. సరైనదానికి గుర్తు పెట్టాలి. అంతే. సంతకం మాత్రం రావాలి."

"సంతకం ఎంతసేపు? నా కోడలు నేర్పుతాది. వచ్చే పరీక్ష దాకా ఆగు. నీ పుణ్యముంటాది" అని కూర్చుంది. ఆయన ఆగుతానన్నాడు. అంత జనాన్ని చూశాక ఆయనకూ మనసొప్పలేదేమో.

కోడలు నేర్పుతుందట! నేర్పాను. కందిపిండి పళ్లెంలో పరిచి వేలితో రాయించాను. 'శ' రాయమంటే ఆ వంకర అటు తిప్పేది కాదు, ఇటు తిప్పేది కాదు. కలుపు తీసిన చెయ్యి, ఏదైనా పీకేస్తుంది గానీ తిప్పమంటే తిప్పదు. నాకు కోపం నషాళానికి అంటేది.

"బాలవాడిలో ఆ పసిబిడ్డల్ను గూడా ఇట్లనే తిడతాండావా మే?" అని అడిగింది ఒకరోజు.

ఆ రోజునుంచి తిట్టడం మాని, ఆమె చెయ్యి పట్టుకుని నెమ్మదిగా దిద్దించాను. పెళ్లై వచ్చాక ఆమె చెయ్యి నేను పట్టుకోవడం అదే మొదలు. గరుకుగా, వెచ్చగా ఉంది.

పరీక్షకు సంఘమంతా ఉపవాస ప్రార్థన చేసి వెళ్లింది. సగం మంది తప్పారు. మా అత్త, మత్తయి, అబ్రహాముతో కలిపి పదిమంది పాసయ్యారు. నాతో పదకొండు. ఒక్క తలకాయ తక్కువ! నేను నిద్రపోలేదు, ఎవరినీ పోనివ్వలేదు. చివరికి ఆ పన్నెండో తలకాయ ఎవరూ అనుకోని చోటునుంచి వచ్చింది. ట్రాక్టరు యజమాని మహానందయ్య శెట్టి గారు. ఆయన అంతకుముందే ఎవరికీ చెప్పకుండా ఆ పరీక్ష రాసి పాసై, కార్డు గల్లాపెట్టెలో దాచుకున్నాడట.

"నా ట్రాక్టరు ఆదివారం ఆదివారం నంద్యాలకు చదువుకోను పోతాంది. నేను మాత్రం అంగట్లో కూచుని తూకాలేస్తాండా. ఇదేం బాగుండాది?" అన్నాడు.

ఆయన ట్రాలీలో గోనెసంచి పరుచుకుని, నుదుట బొట్టుతో కూర్చునేవాడు. మేమంతా "ఆమేన్" అన్నప్పుడు ఆయన "గోవిందా" అనేవాడు. మత్తయి ఒకటి రెండుసార్లు ఉరిమి చూసి, తర్వాత అలవాటు పడ్డాడు.

సెంటరు నిలిచింది. నా చదువు నిలిచింది. ఒక్కో పేపరూ రాసుకుంటూ పోయాను.

మా అత్త సంగతే వేరు. మొదటి ఏడు పరీక్షలో మూడు గంటలూ కూర్చుని తన పేరు రాసింది. అంతే రాసింది. మార్కుల కాగితం వస్తే అన్నిట్లోనూ సున్నాలు. దానికి ఫ్రేము కట్టించి పెళ్లి ఫోటో పక్కన తగిలించింది. సిగ్గు లేదా అత్తా అంటే, "హైదరాబాదులో నా పేరు అచ్చేసినారు. సున్నాలు ఎవురు చూస్తారు?" అంది. మరుసటి ఏడు ఆర్థికశాస్త్రంలో ఏడు మార్కులొచ్చాయి. ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి వాడంతా బొరుగులు పంచింది. మా కోడలి చదువుకని తలకాయ లెక్కకు పోతాండా అని ఊళ్లో చెప్పుకుంటూనే, ఆదివారం అందరికంటే ముందు ట్రాలీ ఎక్కేది. ఒకసారి రొట్టెలు కాలుస్తూ ఉన్నట్టుండి అంది. "ఆ సారు నన్ను 'నీకేమనిపిస్తాందమ్మా' అని అడుగుతాడు. మీ మామ ఉన్నన్నాళ్లు యాపొద్దన్నా అడిగినాడా?" నేనూ ఎప్పుడూ అడగలేదని గుర్తొచ్చి, రొట్టె మాడ్చాను.

ఎనభై ఏడులో నేను బి.ఎ. పాసయ్యాను. ఆ వారమే పని కల్పించుకుని, 'తొమ్మిది ఫెయిలు' రాసే ఆఫీసుకు పోయి, గుమాస్తా ఎదురుగా నిలబడ్డాను. చదువు అన్న చోట "బి.ఎ." అని రాసేదాకా కదల్లేదు. రాసింది పైకి చదవమన్నాను. చదివాడు. ఇంకోసారి చదవమన్నాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆయన భయపడి నీళ్లిచ్చాడు.

ఆ ఆదివారం కడుపునిండా నిద్రపోదామని దుప్పటి ముసుగు పెట్టాను. బయట యోహాను ట్రాక్టరు స్టార్టు చేశాడు. దుప్పటి సర్రున లేచిపోయింది. మా అత్త. ఇస్త్రీ చీర, చంకలో పుస్తకాల సంచి, మెడలో దారానికి కట్టిన కార్డు.

"లెయ్యి మే. పొద్దెక్కుతాంది."

"నాకెందుకత్తా? నా చదువు అయిపోయింది గదా."

"నీది అయిపాయ. నాది?" అంది. "నువ్వు మానుకుంటే ఇంగ ఆడ పదకొండు మందే. ఆ సూటాయన మళ్లా వస్తాడు. ఫైలు తీస్తాడు. ఇంగో చదువేదన్నా ఉంటాది ఆడ. చేరు."

"ఇంకో డిగ్రీనా? నాకేం పిచ్చా?"

నాకు నిజంగానే కోపం వచ్చింది. లేచి కూర్చుని నోరు తెరిచాను. కానీ ఆమె చేతిలో నా పాత పుస్తకాల సంచి కూడా ఉంది. దుమ్ము దులిపి, పెన్సిలు చెక్కి పెట్టింది.

"ఇన్నేండ్లు నీ లెక్కకు నేను కూచున్యా" అంది మా అత్త, ఆ సంచి నా ఒళ్లో పెట్టి. "ఇంగ నా లెక్కకు నువ్వు కూచో."